40 సైజు లేదు, కుక్కర్ ఉన్నది

నల్లగొండ గడియారం సెంటరైనా, పాలమూరు గడియారం చౌరస్తా అయినా, చిన్న బట్టల దుకాణాన్ని ఇప్పుడు పట్టి పీడిస్తున్న ప్రశ్న ఒక్కటే. గిరాకీ పడిపోయింది, కొత్త రకం సరుకు పెట్టాలా, వద్దా? పెట్టాల్సిందే. పన్నెండు అడుగుల మడిగెలో చెప్పులు, గిల్టు నగలు, లిప్‌స్టిక్కులు, ప్రెషర్ కుక్కర్లు అన్నీ కొలువుదీరాల్సిందే. షర్టు అమ్ముడుపోవడం లేదంటే పక్కన కుక్కర్ లేకనే.

ముందు ఆ షర్టు సంగతి తేల్చేద్దాం. హైదరాబాద్ హోల్‌సేల్‌లో షర్టులు సెట్టు లెక్కన కడతారు: 38, 40, 42, 44. సెట్టు విప్పరు. ఊళ్లోకి రాగానే 40, 42 వారంలో పోతాయి. 38 ఒక బక్క పిల్లగాడి కోసం, 44 ఒక బొజ్జ మామ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. ఆ ఇద్దరూ రారు, వచ్చినా ఆ రంగు వద్దంటారు. 40 కోసమని మళ్లీ సెట్టు తెస్తే దాని వెంట మళ్లీ ఒక 38, ఒక 44. మూడు సెట్లు తెచ్చేసరికి 12 షర్టుల్లో 6 రాక్‌లోనే. కొందరు హోల్‌సేలర్లు 40, 42 రెండేసి వేసి ఆరు షర్టుల సెట్టు కట్టిస్తారు, కాకపోతే ముందే అడగాలి. అడిగితే మనది చిన్న దుకాణమని తెలిసిపోదూ? అంత పరువున్న మనిషి 40 సైజు కోసం బతిమాలడం ఏం బాగుంటుంది. చెప్పుల్లోకి దిగడమే మర్యాద.

చెప్పుల లెక్క మహా సులువు. పది మోడళ్లు, ఒక్కోదానికి రెండు రంగులు, 6 నుంచి 10 దాకా ఐదు సైజులు. మొత్తం 100 జతలు. జత 250కి పడిందనుకుంటే పెట్టుబడి 25,000. దేవుడు చల్లగా చూసి 7, 8, 9 సైజులన్నీ 350 చొప్పున పోయాయనుకుందాం. 60 జతలకు వచ్చింది 21,000. అసలుకే ఇంకా 4,000 తక్కువ. మరి లాభం? ఉంది, అటక మీద 40 జతల రూపంలో. పైగా పీయూ అనే ప్లాస్టిక్ రకం సోలుకు ఒక గుణం ఉంది. ఎవరూ తొడగకున్నా గాలిలో తేమకు లోపల్లోపలే చివికిపోయి, కొన్నేళ్లకు పొడిపొడిగా రాలుతుంది. 38 సైజు షర్టు పదేళ్లైనా నోరెత్తకుండా పడి ఉంటుంది. చెప్పు అలా కాదు, తానే దుకాణం ఖాళీ చేసి పోతుంది.

గిల్టు నగలు, లిప్‌స్టిక్కులు ఇంకా విజ్ఞానదాయకం. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు బట్టలకు, చెప్పులకు జీఎస్టీ 5 శాతం. గిల్టు నగలకు 3. లిప్‌స్టిక్‌కు 18. ఒకే బిల్లు మీద మూడు రేట్లు రాసే దుకాణదారును చూసి అకౌంటెంట్ లేచి నిలబడతాడు, ఫీజు పెంచుతాడు. కాంపోజిషన్ అనే చిన్న వ్యాపారుల పన్ను పథకంలో ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు, అమ్మకం మీద 1 శాతం కట్టి ఊరుకుంటారు. కొన్నప్పుడు కట్టిన 18 మాత్రం వెనక్కి రాదు, బిల్లులో పన్నని రాసి వసూలు చేసుకునే వీలూ లేదు. దానధర్మాల కింద రాసుకోవచ్చు.

సెంటు సీసాలను గద్వాల చీరల అరలోనే సర్దితే మరింత శోభ. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ జరీకి సెంటు గానీ కలరా ఉండలు గానీ తగిలితే నల్లబడుతుంది. నల్లంచు చీర అని పేరు పెడితే అదీ కొత్త రకం సరుకే.

పోచంపల్లి ప్రింటును అసలుదని అమ్మేవాళ్ల ధైర్యం మరీ మెచ్చదగ్గది. అసలు పోచంపల్లిలో, అంటే ఇక్కత్ నేతలో, నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు పట్టిస్తారు. అందుకే చీర రెండు పక్కలా రంగు ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ప్రింటు వెనకవైపు వెలిసి, గీతలు కత్తితో కోసినట్టుంటాయి. ఈ కిటుకు ఢిల్లీలో నడవొచ్చు. ఉమ్మడి నల్లగొండలో మాత్రం పుట్టపాకలో మేనత్త నేతకు నూలు ఆసు పోసే ఇంటి పిల్ల ఆ చీరను ఒక్కసారి తిరగేసి చూసి, ఏమీ అనకుండా మడతపెట్టి చేతికిస్తుంది.

ఇన్ని శుభాల నడుమ ఒక చచ్చు సలహా కూడా తిరుగుతోంది. ఖండించడానికైనా చెప్పక తప్పదు. చీరల దుకాణం చీర వెంట పోయే సరుకే పెట్టాలట: లైనింగు, టూ బై టూ జాకెట్ గుడ్డ, లంగాలు, ఫాల్సు, మూలకు చీర అంచులు కుట్టే ఒక పికో మిషను. గుడ్డకు సైజు గొడవ లేదు, ఫ్యాషన్ పోదు, గుడ్డ తాను చివర మిగిలిన 80 సెంటీమీటర్లు కూడా జాకెట్‌కు పనికొస్తాయి. కానీ చాకిరి చూడండి. ఒక్క మెరూన్‌లోనే ఐదారు ఛాయలు ఉంచాలి. ట్యూబ్‌లైటు కింద కలిసిన రంగు ఎండలో కలవదు కాబట్టి అక్క చీరా తానూ పట్టుకుని గడప దాటుతుంది, దాటనియ్యాలి. నూలు లైనింగు తడిపి ఆరేయకుండా కుట్టిస్తే మొదటి ఉతుకుకే ముడుచుకుపోయి జాకెట్ ముడతలు పడుతుంది. తిట్లు పడేది దర్జీకి కాదు, ఆ మాట ముందు చెప్పని దుకాణదారుకు. ఇంతా చేస్తే మిగిలేది మీటరుకు పదో పదిహేనో. కుక్కర్ మీద ఒక్క దెబ్బకు 200! ఆ ఇంటికి మళ్లీ కుక్కర్ కావాల్సింది పదేళ్లకు, జాకెట్ గుడ్డ కావాల్సింది వచ్చే పండక్కి అని లెక్కలు తీసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఇక ఉద్దెర. మన దిక్కు దసరా ముందొస్తుంది, పత్తి పైసలు వెనకొస్తాయి. చీర తాలూకు 600 బాకీ ఉన్న మనిషి అయినా వస్తూ పోతూ ఉంటాడు, ఇంకో చీర కొంటాడు, సగం కడతాడు. కుక్కర్, చెప్పులు కలిసి ఖాతా 2,400కు చేరిందా, అతను ఆ గల్లీలో నడవడమే మానేస్తాడు. బాకీతోపాటు ఆ ఇంటి పెళ్లి బట్టల గిరాకీ కూడా వేరే గల్లీకి పోతుంది.

మాఘమాసం. ఇంట్లో ఒడిబియ్యం పెట్టుకున్న అక్క ఒకామె దుకాణం మెట్లెక్కుతుంది.

“అన్నా, 21 కనుములు, ఐదు సెల్లలు కావాలె. ఉన్నయా?”

ఎందుకు లేవు? జాకెట్ ముక్కలూ తువ్వాళ్లూ రెండూ వెనక రాక్‌లో, కింది అరలో ఉన్నాయి. దానికి అడ్డంగా ఆరు కుక్కర్ డబ్బాలు, వాటి మీద 6, 10 సైజుల చెప్పులు.

“ఐదు నిమిషాలు కూసో అక్కా, తీస్తున్న.”

మూడో డబ్బా దించేసరికి ఆమె ఎదురు దుకాణంలో కనుములు లెక్కపెట్టుకుంటోంది.