ముందు ప్రశ్న, ఆ తర్వాతే విభాగం

సైన్స్ ఫెయిర్ సర్క్యులర్ రాగానే అమలాపురం నుంచి భీమవరం దాకా చాలా బడుల్లో మొదట వినిపించే మాట ఒకటే: ‘‘ఏ విభాగంలో వేద్దాం?’’ పోయినసారి ఆరోగ్యంలో పోటీ తక్కువగా ఉందని ఒకరంటారు. రవాణా అయితే బొమ్మ చూడ్డానికి బాగుంటుందని ఇంకొకరు. విభాగం ఖాయమయ్యాక దానికి తగ్గ మోడల్ కోసం వెతుకులాట. థర్మాకోల్, చిన్న బల్బులు, బజార్లో దొరికే సెన్సర్ కిట్ వచ్చేస్తాయి. పిల్లాడికి ఏం తెలుసుకోవాలనుందో ఎవరూ అడగరు. ఇది తలకిందుల పని. ప్రశ్న తేలాకే విభాగం తేలాలి.

ఆమధ్య ఒక మండల ప్రదర్శనకు జడ్జీల్లో ఒకడిగా వెళ్లాను. సముద్రం పక్క ఊరి నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి బల్ల మీద ఏడు సీసాలు. ఒక్కోదానికి తెల్ల ప్లాస్టర్ అంటించి, పెన్నుతో ‘మా బోరు’, ‘గుడి దగ్గర పంపు’, ‘చెరువు గట్టు బోరు’ అని రాసింది. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ పెన్ను ఒక్కో సీసాలో ముంచి చూపిస్తుంటే, రొయ్యల చెరువుకు దగ్గరయ్యే కొద్దీ అంకె పెరుగుతోంది. పక్కన గళ్ల నోటుబుక్కులో నాలుగు వారాల కొలతలు. ఆ ప్రాజెక్టును ఆరోగ్యం విభాగంలో పెట్టారు. అక్కడి జడ్జి అడిగిన మొదటి ప్రశ్న: ‘‘ఈ నీళ్లు తాగితే ఏ జబ్బులొస్తాయమ్మా?’’ పిల్ల తలదించుకుంది. ఆమె వెతికింది జబ్బు గురించి కాదు, ఉప్పు ఎటునుంచి వస్తోందని. బోరు లోతెంత, కాలువ కట్టేసిన రోజుల్లో కొలిచావా, నీళ్లు వదిలాక కొలిచావా అని అడిగి ఉంటే అరగంట ఆపకుండా చెప్పేది. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

విభాగం ఎంచుకోవడమంటే మన పని ఎవరి ముందు పెట్టాలో ఎంచుకోవడం. అంతర్జాతీయ సైన్స్, ఇంజనీరింగ్ ఫెయిర్‌లో 20కి పైగా విభాగాలున్నాయి. భూమి, పర్యావరణ శాస్త్రాలు ఒకటి, పర్యావరణ ఇంజనీరింగ్ వేరొకటి. ఏం జరుగుతోందో కనిపెడితే మొదటిది. దాన్ని బాగుచేసే పద్ధతి తయారుచేస్తే రెండోది. మన డెల్టా ఉప్పునే తీసుకోండి. బోరుల్లో ఉప్పు ఎలా మారుతోందో కొలిస్తే పర్యావరణ శాస్త్రం. రకరకాల ఉప్పునీళ్లలో వరి విత్తనాలు నానబెట్టి ఎన్ని మొలకెత్తాయో లెక్కపెడితే మొక్కల శాస్త్రం. నారుమడి దశలో వరి ఉప్పుకు తట్టుకోలేదని దాళ్వా (రబీ) వరి వేసే ఏ రైతును అడిగినా చెబుతాడు, కానీ ఎంత ఉప్పుకు ఎన్ని గింజలు పోతాయో పిల్లాడు తన ఇంటి పళ్లెంలో తేల్చగలడు. అదే నీటిని ఇసుక, బొగ్గు పొరల్లోంచి పంపి ఏం తగ్గిందో, ఏం తగ్గలేదో చూస్తే ఇంజనీరింగ్. కరిగిన ఉప్పు అలా వడకట్టినా పోదు. ఆ సంగతి పిల్లాడు తన చేత్తో తెలుసుకున్నా అది మంచి ప్రాజెక్టే.

ఉపాంశాలు, అంటే ఆ ఏడు ప్రాజెక్టులు వేయాల్సిన విభాగాల జాబితా, పైనుంచి వస్తాయి, గడువు తక్కువ, విభాగం రాయకపోతే పేరే నమోదు కాదు అని ఉపాధ్యాయులు అంటారు. నిజమే, వాళ్ల టెన్షన్ నాకూ తెలుసు. కానీ ఉపాంశాల జాబితా చేతికొచ్చేసరికి పిల్లల దగ్గర ప్రశ్న సిద్ధంగా ఉంటే, సరిపోయే గడి వెతకడం ఒక పూట పని. ప్రశ్నే లేకపోతే నెల రోజులిచ్చినా బొమ్మే వస్తుంది.

అసలు రోగం ఇంకా లోతుగా ఉంది. పదో తరగతి అవగానే పిల్లల్ని ఎంపీసీ, బైపీసీ అని రెండు దొడ్లలోకి తోలేస్తున్నాం. ఎంపీసీ పిల్లాడు మొక్క ముట్టుకోడు, బైపీసీ పిల్ల లెక్క చూస్తే భయపడుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఏ గ్రూపు? మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌కు వెళ్లి, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో అక్కడి జీవరసాయన శాస్త్రజ్ఞుడు సైరస్ ఫిస్కేతో కలిసి ప్రచురించారు. వైద్యుడి ప్రశ్న, రసాయన శాస్త్రజ్ఞుడి చెయ్యి. మట్టిలో, నీళ్లలో ఫాస్ఫేట్ కొలిచే పరీక్షల్లోనూ నేటికీ అలాంటి నీలిరంగే కనిపిస్తుంది. ఆయన పుట్టిన ఊళ్లోనే రొయ్యల రైతులు పొద్దున్నే సీసాల్లో చెరువు నీళ్లు పట్టుకుని ల్యాబులకు వెళ్తుంటారు. వాళ్ల పిల్లలకు మాత్రం ఆ సీసాలో ఉన్నది సైన్సని బడిలో ఎవరూ చెప్పరు.

నిర్వాహకులను అడిగేది రెండే. దరఖాస్తులో మొదటి గడి విద్యార్థి ప్రశ్నకు ఇవ్వండి, విభాగాన్ని చివరి గడిలోకి జరపండి. ప్రాజెక్టు తప్పు బల్ల మీద ఉందనిపిస్తే, మార్కులు వేయకముందే సరైన బల్లకు పంపే అధికారం జడ్జీకి ఇవ్వండి.