సవరణ: రెడీ ప్రయోగంలో వలగుడ్డ ఎందుకు?

కుళ్ళిన మాంసంలో పురుగులు వాటంతటవే పుడతాయన్న నమ్మకాన్ని (స్వయంజననం) ఇటలీ వైద్యుడు ఫ్రాంచెస్కో రెడీ పరీక్షించిన తీరు గురించిన గత టపాలో, మూత పెట్టిన పాత్రలో పురుగులు రాలేదని, తెరిచి ఉంచిన పాత్రలో వచ్చాయని మాత్రమే ఉంది. అది నిజమే గాని, 1668లో ప్రచురితమైన ఆ ప్రయోగానికి ప్రాణమైన భాగం అందులో లేదు కాబట్టి ఈ వివరణ జత చేస్తున్నాను.

మూత బిగిస్తే ఈగలతో పాటు గాలి కూడా ఆగిపోతుంది. పురుగులు పుట్టకపోవడానికి గాలి అందకపోవడమే కారణమని ఎవరైనా వాదిస్తే, ఈ రెండు పాత్రల పోలికలో దానికి సమాధానం దొరకదు. అందుకే రెడీ మరికొన్ని పాత్రలకు సన్నటి వలగుడ్డ కట్టాడు. గాలి లోపలికి వెళ్ళింది, మాంసం కుళ్ళింది, అయినా దానికి పురుగు పట్టలేదు. వాసనకు వచ్చిన ఈగలు ఆ గుడ్డ మీదే వాలి తమ సంతానాన్ని అక్కడే వదిలాయి. నా దృష్టిలో ప్రయోగ రూపకల్పన నేర్చుకునేవారు మొదట చూడవలసింది ఈ గుడ్డనే.

కాబట్టి గత టపాలో కంట్రోల్ (ప్రయోగంలో పోలిక కోసం ఉంచేది) అంటే ‘ఏమీ చేయని పాత్ర’ అని ఇచ్చిన నిర్వచనాన్ని, ‘పరీక్షిస్తున్న ఒక్క అంశం తప్ప మిగతావన్నీ సమానంగా ఉన్న పాత్ర’ అని చదువుకోగలరు. తర్వాతి శతాబ్దంలో సూక్ష్మజీవుల విషయంలో ఇదే నమ్మకాన్ని పరీక్షించడానికి ఇటలీ శాస్త్రవేత్త స్పల్లంజాని పోషక ద్రవాన్ని మరిగించి మూసిన సీసాల మీదా, లోపలి గాలి చెడిపోయిందన్న ఆక్షేపణే వచ్చింది. 1860 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ వాడిన వంపు మెడ సీసాలు గాలిని రానిచ్చి, సూక్ష్మజీవులను మోసే ధూళిని ఆపి దానికి జవాబిచ్చాయి.

మరొక స్పష్టత: రెడీ స్వయంజననాన్ని పూర్తిగా తిరస్కరించలేదు. మొక్కల బుడిపెల్లో కనిపించే పురుగులను ఆ మొక్కలే పుట్టిస్తాయని ఆయన భావించాడు.