టెక్సాస్‌లో ఓటు దండగ అని మన పిల్లలకి చెప్పకండి

నిన్న తెలిసినవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాలయ్యాక మాటలు 2028 ఎన్నిక మీదికి మళ్లాయి. డెమోక్రాట్ల తరఫున ఎవరు నిలబడినా టెక్సాస్‌లో గెలిచే అవకాశం ఉంటుందా అని ఆ ఇంటి అమ్మాయి అడిగింది. అప్పటికి ఆ పిల్లకి పద్దెనిమిది నిండుతాయి, మొదటి ఓటు. మేమంతా అన్నయ్యా అని పిలిచే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. "ఇది రెడ్ స్టేట్ అమ్మా, రిపబ్లికన్ల కోట, నువ్వు ఓటేసినా ఒకటే, ఇంట్లో పడుకున్నా ఒకటే" అనేశారు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలూపారు. ఆ పిల్ల మళ్లీ నోరెత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ చల్లారలేదు.

అన్నయ్యా, టెక్సాస్ ఎవరి పేరు మీదా రిజిస్టరైన పొలం కాదు. 1976లో ఇదే టెక్సాస్ డెమోక్రాట్ జిమ్మీ కార్టర్‌కి ఓటేసింది. ఇవాళ డెమోక్రాట్ల కంచుకోట అంటున్న కాలిఫోర్నియా 1952 నుంచి 1988 దాకా 1964లో ఒక్కసారి తప్ప ప్రతి ప్రెసిడెంట్ ఎన్నికలోనూ రిపబ్లికన్లనే గెలిపించింది. వెస్ట్ వర్జీనియా సంగతి ఇంకా ఘోరం. బొగ్గు గనుల రాష్ట్రం, యూనియన్ల రాష్ట్రం, డెమోక్రాట్లు అది మనదేలే అనుకున్న రాష్ట్రం. 2000లో రిపబ్లికన్ అభ్యర్థి బుష్ అక్కడికి వెళ్లి బొగ్గు గురించీ తుపాకుల గురించీ మాట్లాడి గెలుచుకుపోయాడు. ప్రెసిడెంట్‌ని తేల్చేవి రాష్ట్రాలకుండే ఎలక్టోరల్ ఓట్లు, దాదాపు అన్నిచోట్లా రాష్ట్రంలో గెలిచినవాడికే అవన్నీ వెళ్తాయి. వెస్ట్ వర్జీనియాకి ఉన్నవి 5 ఎలక్టోరల్ ఓట్లే. ఫ్లోరిడాలో బుష్ 537 ఓట్లతో గెలిచిన గొడవ గురించి లోకమంతా మాట్లాడుకుంటుంది కానీ, ఆ 5 ఓట్లు డెమోక్రాట్ అల్ గోర్‌కి పడి ఉంటే ఫ్లోరిడాతో పనే లేదు, ఆయనే ప్రెసిడెంట్.

2016 తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. విస్కాన్సిన్ మనదేలే అనుకుని హిల్లరీ క్లింటన్ పార్టీ అభ్యర్థి అయ్యాక ఒక్కసారి కూడా ఆ రాష్ట్రంలో ప్రచారానికి వెళ్లలేదు. ఒక్కసారి కూడా! రీగన్ తర్వాత ఏ రిపబ్లికన్‌కీ దక్కని ఆ రాష్ట్రాన్ని ట్రంప్ 23 వేల ఓట్లు కూడా లేని తేడాతో పట్టుకుపోయాడు. మిషిగన్ 11 వేల లోపు తేడాతో పోయింది. దేశం మొత్తం మీద 28 లక్షల ఓట్లు ఎక్కువ తెచ్చుకుని కూడా ఆవిడ ఓడిపోయింది. విస్కాన్సిన్ బ్లూ స్టేట్, దిగులు అక్కర్లేదు అని ఆవిడకి చెప్పినవాళ్లూ, నిన్న ఆ పిల్లకి చెప్పిన అన్నయ్యా నా దృష్టిలో ఒక్కటే.

అంకెలు చూసి మాట్లాడు అంటారు. సరే, చూద్దాం. టెక్సాస్‌లో 2012లో ఒబామా 16 శాతం తేడాతో ఓడిపోయాడు. 2016కి ఆ తేడా 9 అయింది, 2020కి 6 లోపుకి వచ్చింది. 2024లో కమలా హారిస్ దాదాపు 14 శాతం తేడాతో ఓడిపోయింది, నేను దాచడం లేదు. కానీ ఎందుకు పెరిగిందో కూడా చెప్పుకోవాలి కదా. మెక్సికో సరిహద్దులో స్టార్ కౌంటీ ఉంది. అక్కడ 2016లో క్లింటన్ 60 శాతం తేడాతో గెలిచింది. 2024లో అదే కౌంటీని ట్రంప్ గెలిచాడు, 1892 తర్వాత అక్కడ గెలిచిన మొదటి రిపబ్లికన్ ఆయనే. నూట ముప్ఫై ఏళ్లకు పైగా మనదే అనుకున్న చోట ఎవరూ తలుపు తట్టలేదు, వేరేవాళ్లు తట్టారు. అంటే రాష్ట్రాలు మారవన్న మాట ఏ వైపు నుంచి చూసినా అబద్ధమే.

ట్రంప్ అంటే నాకు పడదు, ఈ వాల్ మీద అందరికీ తెలుసు. అయినా ఒక్క విషయం ఒప్పుకోవాలి. 2024 అక్టోబరులో న్యూయార్క్ మధ్యలో మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ర్యాలీ పెట్టాడు. గెలవని రాష్ట్రంలో టైమ్ వేస్ట్ అన్నారంతా. గెలవలేదు, నిజమే. కానీ 2020లో అక్కడ 23 శాతం ఉన్న తేడా 13 లోపుకి దిగింది. మనవాళ్లు అంతమంది ఉన్న న్యూజెర్సీలో 16 నుంచి 6కి పడిపోయింది. డెమోక్రాట్లు టెక్సాస్‌లో ఇలా చేసిందెప్పుడు? ఎన్నికల ముందు హ్యూస్టన్‌లో ఒక్క సభ. గాయని బియాన్సే వచ్చింది, ఫొటోలు బాగా వచ్చాయి, అంతే.

నిజంగా కష్టపడితే ఏమవుతుందో 2018లో చూశాం. సెనేట్‌కి పోటీ చేసిన డెమోక్రాట్ బెటో ఓరూర్క్ టెక్సాస్‌లోని 254 కౌంటీలూ తిరిగాడు. డెమోక్రాట్ అన్నవాడు అడుగు పెట్టడం మానేసిన ఊళ్లకి కూడా వెళ్లాడు. రిపబ్లికన్ టెడ్ క్రూజ్ మీద 3 శాతం లోపు తేడాతో ఓడిపోయాడు. కానీ ఆ ఊపులో డాలస్‌లో ఒకటి, హ్యూస్టన్‌లో ఒకటి కాంగ్రెస్ సీట్లు చేతులు మారాయి, రాష్ట్ర అసెంబ్లీలో 12 సీట్లు కొత్తగా వచ్చాయి. పై సీటు ఓడిపోయినా కింద ఇన్ని గెలిచారు. ఇది దండగ ఎలా అవుతుంది?

అన్నింటికంటే బాధ ఏంటంటే, మన ఊరి రాజకీయాల్లో ఈ అన్నయ్యే ఇలా మాట్లాడరు. 2024 మేలో ఆంధ్రాలో పోలింగ్‌కి ఇక్కడి నుంచి ఎంతమంది టికెట్లు కొనుక్కుని వెళ్లారో మనకి తెలుసు. మంగళగిరి గురించి ఇదే భోజనాల దగ్గర రాత్రి ఒంటిగంట దాకా వాదించుకున్నాం. 1985 తర్వాత తెలుగుదేశం గెలవని సీటు. లోకేశ్ 2019లో అక్కడ 5 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయాడు. సేఫ్ సీటు చూసుకోమని చెప్పినా వినకుండా అక్కడే ఉండి 2024లో 91 వేల మెజారిటీతో గెలిచాడు. మీకు ఏ పార్టీ నచ్చినా సరే, ఆ లెక్క మాత్రం కాదనలేరు. 151 సీట్లున్న పార్టీ అయిదేళ్లలో 11కి వచ్చిన రాష్ట్రం మనది. అది కళ్లారా చూసిన మనం, ఇల్లు కట్టుకుని, పన్నులు కట్టి, పిల్లల్ని పెంచుకుంటున్న చోటికి వచ్చేసరికి "ఇక్కడేమీ మారదు" అంటామా?

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, ఇది ఎన్నాళ్లుగానో లోపల ఉంది. మనవాళ్లు ఎక్కువగా ఉన్నదెక్కడ? కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూజెర్సీ. మూడూ ఫలితం ముందే తేలిపోయిందని అందరూ అనే రాష్ట్రాలు. అందుకే మన గ్రీన్ కార్డ్ బాధ ప్రెసిడెంట్ అభ్యర్థులకి పెద్దగా పట్టదు. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదన్న పరిమితి వల్ల జీవితాలు లైన్లోనే గడిచిపోతున్నాయి. పిల్లలు 21 దాటి డిపెండెంట్ వీసా పోగొట్టుకుంటున్నారు. 2019లో ఆ పరిమితి తీసేసే బిల్లు ప్రతినిధుల సభలో 365 ఓట్లతో పాసైంది. 2020 డిసెంబరులో సెనేట్ తన సొంత రూపంలో పాస్ చేసింది. రెండూ కలిపి ఒక్క చట్టం చేయడానికి ఎవరికీ మనసు రాలేదు. ఎవరికి భయం? మన ఓట్లు పోతాయని భయపడాల్సిన అవసరం రెండు పార్టీలకీ లేదు. అదే ఫలితం ఎటైనా తిరగగల పెన్సిల్వేనియాలో గ్యాస్ డ్రిల్లింగ్ అంటే చూడండి, 2019లో ఫ్రాకింగ్ (భూమి లోపలి రాళ్లని పగలగొట్టి గ్యాస్ తీసే పద్ధతి) ఆపేస్తానన్న హారిస్ 2024కి ఆపనని చెప్పింది. పెన్సిల్వేనియాకి 19 ఎలక్టోరల్ ఓట్లు. టెక్సాస్‌కి 40. నలభై ఉండి కూడా మనల్ని అడిగే దిక్కు లేదు, ఎందుకంటే మనమే వాళ్లకి రావక్కర్లేదని చెబుతున్నాం.

గెలిచినవాడికే రాష్ట్రం ఓట్లన్నీ వెళ్లే ఈ పద్ధతి అన్యాయమే, నేనూ ఒప్పుకుంటాను. 2020లో ట్రంప్‌కి టెక్సాస్‌లో కంటే కాలిఫోర్నియాలో ఎక్కువ ఓట్లు పడ్డాయి, 60 లక్షలు. వాటికి ఒక్క ఎలక్టోరల్ ఓటు కూడా రాలేదు. టెక్సాస్‌లో బైడెన్‌కి వేసిన 52 లక్షల మందిదీ అదే గతి. మెయిన్, నెబ్రాస్కాలు తప్ప మిగతా అన్నిచోట్లా ఇంతే. కానీ పద్ధతి అన్యాయం కాబట్టి ఇంట్లో కూర్చుందాం అంటే అన్యాయం చేసేవాడికి పని ఇంకా తేలికవుతుంది.

ఆ 2020లోనే టెక్సాస్‌లో రిజిస్టరైన ఓటర్లు దాదాపు 1 కోటి 70 లక్షలు. ఓటేసింది 1 కోటి 13 లక్షలు. మిగిలిన 56 లక్షల పైచిలుకు మంది రాలేదు. బైడెన్ ఓడిపోయింది 6 లక్షల 31 వేలతో. ఆ రానివాళ్లందరూ ఒకే పార్టీ అని నేననను. కానీ ఓటేసినా ఒకటే అని ఎవరో ఒక అన్నయ్య చెప్పగా విని ఆగిపోయినవాళ్లు వాళ్లలో ఎంతమందో!

టెక్సాస్‌లో ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కొత్తగా ఓటరుగా నమోదు కావడం కుదరదు, డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్‌తో పాటు తప్ప. కాగితం ఫారం నింపి, సంతకం పెట్టి, పోలింగ్‌కి 30 రోజుల ముందే ఇవ్వాలి. పిల్లలకి పదిహేడేళ్ల పది నెలలు నిండితే చాలు, అప్లై చేయవచ్చు. కొత్తగా సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లూ, ఇంట్లో ఆ వయసు పిల్లలున్నవాళ్లూ నాకు మెసేజ్ పెట్టండి. ఫారాలు నా దగ్గర ఉన్నాయి, మీ ఇంటికే తెచ్చి ఇస్తాను. మీరు ఏ పార్టీకి వేస్తారని అడగను.