మంటల్లో పట్టభద్రులు

అమెరికాలో ఫైర్ సైన్స్, అంటే మంటలు ఆర్పే శాస్త్రంలో డిగ్రీ చెప్పే ఒక కాలేజీ బ్రోషర్ నా కంటబడింది, అప్పట్నుంచీ నాకు మనశ్శాంతి లేదు. అట్ట మీద కుర్రాడు హెల్మెట్ పెట్టుకుని ఇటు తిరిగి నవ్వుతున్నాడు, వెనకాల ఇల్లు తగలబడిపోతోంది. ముందు అది ఆర్పరా బాబూ!

రెండేళ్ల అసోసియేట్ డిగ్రీయో నాలుగేళ్ల బ్యాచిలర్సో చదివితే మంట కులగోత్రాలన్నీ చెప్తారు. ఇంధనం, వేడి, ఆక్సిజన్, చైన్ రియాక్షన్, ఈ నాలుగింట్లో ఒకటి లాగేస్తే మంట చస్తుంది. స్టూడెంట్ దగ్గర లాగేది డబ్బు, అది లాగితే మాత్రం ఎడ్యుకేషన్ లోన్ భగ్గుమంటుంది. పైగా ఫైర్‌ఫైటర్‌గా చేరడానికి డిగ్రీ అవసరం లేదని అక్కడి ప్రభుత్వ ఉద్యోగ లెక్కల ఆఫీసు, లేబర్ స్టాటిస్టిక్స్ వాళ్లే రాసి పెట్టారు.

సరే, మన పట్టభద్రుడు సీప్యాట్‌కి, అంటే ఫైర్‌ఫైటర్ ఉద్యోగానికి పెట్టే ఒంటి సత్తువ టెస్ట్‌కి వెళ్లాడనుకోండి. ఎనిమిది ఐటమ్స్, 10 నిమిషాల 20 సెకన్లు. ఒంటి మీద 75 పౌండ్ల బరువేసి మూడు నిమిషాలు మెట్ల మెషిన్ ఎక్కిస్తారు, హోస్ ఈడ్పిస్తారు, సుత్తితో బాదిస్తారు, చీకటి సొరంగంలో పాకిస్తారు, ఆ తర్వాత 165 పౌండ్ల బొమ్మని ఈడ్చుకెళ్లమంటారు. వీడు రొప్పుతూ "సార్, థర్మోడైనమిక్స్‌లో నాకు 'ఏ' గ్రేడ్ వచ్చింది" అంటాడు. బొమ్మ కదలదు, దానికి గ్రేడ్లు పట్టవు. అదీ పాసైతే ఈఎంటీ (అత్యవసర వైద్య సాయం చేసే టెక్నీషియన్) లైసెన్సుందా అని అడుగుతారు చాలా చోట్ల, ఎందుకంటే వచ్చే కాల్స్‌లో నూటికి అరవై పైనే మెడికల్, నిజం మంటలు అయిదు కూడా ఉండవు.

ఈ లైసెన్సు ముక్క దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. కాలిఫోర్నియా అడవులు తగలబడితే జైలు ఖైదీల్ని ఆర్పడానికి పంపుతారు, అప్పట్లో రోజుకి మూడు నుంచి అయిదు డాలర్ల కూలి, మంట దగ్గరైతే గంటకి ఇంకో డాలరు. వాళ్లు విడుదలై వచ్చి అదే పని అడిగితే, నేరచరిత్ర ఉంది, ఈఎంటీ లైసెన్సు ఇవ్వం పో అన్నారు! 2020లో చట్టం మార్చారు, అయినా నేరచరిత్ర కొట్టేయమని కోర్టు మెట్లెక్కి బతిమాలుకుంటేనే లైసెన్సుకి దారి. అరే, మంటల్లోకి తోసేటప్పుడు గుర్తురాని నేరచరిత్ర జీతమిచ్చేటప్పుడు ఎలా గుర్తొచ్చిందిరా మీకు?

డిగ్రీ దండగని అనను. కెప్టెన్, బెటాలియన్ చీఫ్ ప్రమోషన్లకి పనికొస్తుంది, ఫైర్ ఇన్‌స్పెక్టర్ పనికీ ఉపయోగమే. అయితే ముందు ఉద్యోగంలో చేరి తర్వాత చదివితే ఫీజు డిపార్ట్‌మెంటే తిరిగిచ్చే చోట్లున్నాయి. ఆ ముక్క కోసం బ్రోషరంతా భూతద్దం పెట్టి వెతికా, చివరి పేజీలో లోన్ అప్లికేషన్ దొరికింది.