కోడిపందేల బరులకు కరోనా మినహాయింపా?

ఈ 2022 జనవరిలో కరోనా కట్టడికి రాత్రి కర్ఫ్యూ పెడుతున్నామని సోమవారం చెప్పిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మంగళవారానికల్లా మాట మార్చి, సంక్రాంతి పండగ పేరుతో దాన్ని 18వ తేదీకి జరిపింది. భోగి 14న. 18 నాటికి కోడిపందేలూ అయిపోతాయి, జనం తిరుగు ప్రయాణమూ అయిపోతుంది. ఇక ఆ కర్ఫ్యూ ఎవరి కోసం?

జనవరి 13న మొదలవ్వాల్సిన రంజీ ట్రోఫీని బీసీసీఐ ఈ నెల 4నే వాయిదా వేసింది. ఆటగాళ్లకు రోజూ పరీక్షలు చేయించి, విడిగా ఉంచి ఆడించే స్తోమత ఉన్న బోర్డు అది. అదే వెనక్కి తగ్గింది. మరి భీమవరం, అమలాపురం చుట్టుపక్కల చేలల్లో వేస్తున్న బరుల్లో ఏ జాగ్రత్త ఉంది? కంచె మీదికి ఒకరి భుజం మీంచి ఒకరు వంగి కేకలు పెడతారు. డస్సిపోయిన కోడి మొహాన నోటితో నీళ్లు ఊది మళ్లీ బరిలోకి వదులుతారు. పందెం నోట్లు చేతులు మారుతూనే ఉంటాయి. పక్కనే గుండాట, పేకాట, మందు. మూడు రోజులు ఇలా గడిపి, నాలుగో రోజు ఇంట్లో ముసలి అమ్మానాన్నలకు దండం పెట్టి హైదరాబాద్ బస్సెక్కుతారు.

సంప్రదాయమంటున్నారు, ఏడాదంతా బాదంపప్పులు పెట్టి కోడిని మేపినవారి కష్టం చూడమంటున్నారు. చూశాం. రాష్ట్రంలోనే ఎక్కువ కేసులు వచ్చిన జిల్లా తూర్పు గోదావరి అన్న సంగతీ చూశాం.

నిరుడు మేలో మధ్యాహ్నం 12 దాటితే చిల్లర కొట్టు షట్టర్ దించించారు. ఇంట్లో పెళ్లికి ఎంతమందిని పిలవాలో తహసీల్దారు చెప్పారు. నెలల తరబడి బడులు మూశారు. వీళ్లందరికీ వర్తించిన నిబంధన బరి నిర్వాహకుడికి ఎందుకు వర్తించదు? పైగా కోడిపందేలు చట్టవిరుద్ధం. అడ్డుకోవాలని 2016లోనే ఉమ్మడి హైకోర్టు ఆదేశించింది. చట్టాన్ని పాటించే కొట్టువాడికి జరిమానా, చట్టాన్ని మీరే బరికి వెసులుబాటు! ఈసారి ఇది చెల్లితే రేపు మరో వేవ్‌లో మాస్కు పెట్టుకోమని ఎవరికి చెబుతారు, ఏ మొహంతో చెబుతారు?

ఏటా నాలుగు కోడికత్తులు పట్టుకుని, పదిమందిని బైండోవర్ చేసి, భోగి పొద్దున్నే కనుమరుగయ్యే పోలీసు తంతు ఈసారి పనికిరాదు. ఉభయ గోదావరి కలెక్టర్లు, ఎస్పీలు ఈ రాత్రికే టెంట్లు పీకించాలి. రిబ్బన్ కత్తిరించడానికి బయల్దేరే ఎమ్మెల్యేలకు ఒక్కటే మాట: నిరుడు ఆక్సిజన్ పడక కోసం మీ నియోజకవర్గ జనం ఫోన్లు చేసినప్పుడు మీలో ఎందరు ఎత్తారు? ఆ ఇళ్ల ముందు నుంచే బరికి వెళ్లాలి మీరు. వెళ్లకండి.