క్యూ వచ్చింది, యూ రాలేదు

అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద ఇంగ్లిషు మాటలు పేర్చే ఆట స్క్రాబుల్. దాని సంచీలో నూరు బిళ్ళలుంటాయి. క్యూ ఒక్కటే. ఆ ఒక్కటీ తిన్నగా వెళ్ళి ఇంట్లో అందరికన్నా ఇంగ్లిషు బాగా వచ్చిన మనిషి చేతిలోనే పడుతుంది. ఈ ఇంట్లో ఆ మనిషి తాతయ్య. హైస్కూల్లో ఇంగ్లిషు గ్రామర్ చెప్పి రిటైరైన మాస్టారు. ఎదురుగా, వేసవి సెలవులకి వచ్చిన మనవరాలు, ఎనిమిదో తరగతి.

క్యూ చూడగానే తాతయ్య మీసాల్లో నవ్వుకున్నారు. పది పాయింట్ల బిళ్ళ! క్వీన్, క్వైట్, క్వారెల్, క్వశ్చన్... వరస కట్టాయి. అన్నింటికీ యూ కావాలి. సంచీలో యూలు నాలుగే. ఒకటి మనవరాలు ‘బస్’లో వాడేసింది, ఇంకోటి ‘రన్’లో పోయింది. ‘బస్’ అట, ‘రన్’ అట! ఎల్కేజీ మాటలు. తాతయ్య జాలిపడ్డారు.

క్యూని స్టాండు చివర భద్రంగా దాచుకుని మిగతా వాటితో ఆడారు. నష్టం మొదలైంది అక్కడే. ఏడు బిళ్ళలుండాల్సిన చోట చేతిలో ఉన్నవి ఆరే. ఏడూ ఒకేసారి దించితే అదనంగా వచ్చే 50 పాయింట్లకి అక్కడితో నీళ్ళొదులుకోవాల్సిందే.

“తాతయ్యా, అది మార్చేసుకోవచ్చుగా” అంది మనవరాలు. సంచీలో వేసి వేరేది తీసుకుంటే ఒక వంతు పోతుంది, అంతే. “పది పాయింట్లమ్మా, ఊరికే పారేస్తానా?” అన్నారాయన. మూడో యూ కూడా ఎదుటి స్టాండు మీంచే దిగాక మనసు మార్చుకున్నారు. కానీ మార్చుకోవాలంటే సంచీలో కనీసం ఏడు బిళ్ళలుండాలి. చెయ్యి పెట్టి తడిమితే అయిదు తగిలాయి. మనవరాలు చేతిలోవన్నీ దించేసి ఆట ముగించింది. మిగిలిపోయిన క్యూకి తాతయ్య లెక్కలో పది కోత, ముగించినందుకు ఆ పదీ ఆమె లెక్కలో జమ. వెరసి ఇరవై తేడా, ఒక్క బిళ్ళకి.

రెండో ఆటలో క్యూ మనవరాలికి వచ్చింది. ఆ పిల్ల యూ కోసం చూడనేలేదు. అక్షరం విలువ మూడు రెట్లయ్యే గడిలో క్యూ పెట్టి, దాని కింద ఐ పెట్టింది. కుడిపక్క గడిలో అప్పటికే ఒక ఐ ఉంది.

“ఏమిటే ఇది?”

“చీ.”

“పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది?”

“మాట అదే తాతయ్యా. క్యూ, ఐ. చీ అని పలకాలి. చైనావాళ్ళు ప్రాణశక్తిని అలా అంటారు.”

క్యూకి మూడు రెట్లు 30, ఐకి ఒకటి. అడ్డంగా 31, నిలువుగా 31. రెండు బిళ్ళలకి 62! తాతయ్య సవాల్ చేశారు. నిఘంటువు తీశారు. ఉంది. అమెరికా స్క్రాబుల్ జాబితాలోకి 2006లోనే ఎక్కింది. తప్పు సవాలుకి అమెరికా పద్ధతిలో ఒక వంతు పోతుంది, ఇంకొన్ని పోటీల్లో అవతలివాళ్ళకి అయిదు పాయింట్లు కలుస్తాయి. ఈ ఇంట్లో ఏ పద్ధతో ఎవరూ ముందు అనుకోలేదు కాబట్టి పావుగంట వాదన పోయింది.

“అర్థం సరిగ్గా తెలియని మాటలు పెట్టి గెలవడం ఏం గెలుపు?” అన్నది తాతయ్య చివరి పాయింటు. దానికి బోర్డు మీద విలువ లేదు. న్యూజిలాండ్‌కి చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆయనకి ఫ్రెంచి మాట్లాడటం రాదు. మాటల జాబితా కంఠతా పట్టాడు, వెళ్ళి గెలిచాడు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, పలికినట్టు రాసుకునే భాషలో పెరిగినవాళ్ళం మనం. ఇంగ్లిషు మాటల్ని కూడా చెవితోనే వెతుకుతాం. క్యూ అనగానే చెవిలో ‘క్వ’ మోగుతుంది, ఆ మోతకి యూ తప్పనిసరి. యూ అక్కర్లేని క్యూ మాటలు చాలావరకు అరబ్బీ, హీబ్రూ, చైనీసుల నుంచి వచ్చినవి. ఫకీర్, తలాక్, నికాబ్: మూడింటికీ క్యూ ఉంది, యూ లేదు. బుర్ఖాలో రెండూ ఉన్నాయి, మధ్యలో ఆర్ అడ్డం కూర్చుంది. చార్మినార్ చుట్టుపక్కల పెరిగిన కుర్రాడికి ఇవన్నీ నోట్లోనే ఉంటాయి. గ్రామర్ మాస్టారికే లేవు.

పక్కన ఫోన్లో వర్డిల్ ఆడుకుంటున్న మామయ్యదీ ఇదే రోగం. దాచిన ఐదక్షరాల ఇంగ్లిషు మాటని ఊహించాలి, ఆరు ప్రయత్నాలు. సరైన చోట పడ్డ అక్షరం ఆకుపచ్చగా వెలుగుతుంది. రెండింటికే చివరి నాలుగక్షరాలు ఆకుపచ్చగా తేలాయి: ఐ, జి, హెచ్, టి. ఇక గెలిచినట్టేనని లైట్ కొట్టాడు. కాదు. నైట్. కాదు. ఫైట్, రైట్. అయిపోయింది. సమాధానం టైట్. మధ్యలో తెలుపు రంగు ‘వైట్’ కూడా కొట్టబోయాడు, అందులో జి లేకపోయినా, చెవికి సరిపోయింది కదా అని.

ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోకూడదు. లైట్, నైట్, మైట్, రైట్, సైట్, ఫైట్, టైట్, ఎయిట్: తేలాల్సింది మొదటి అక్షరం ఒక్కటే. ఫిల్మ్స్ అని కొడితే ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగూ ఒకే దెబ్బకి తేలతాయి. ఏదీ వెలగలేదా, నెర్వ్ కొట్టాలి. ఎన్, ఇ, ఆర్ సంగతి తెలుస్తుంది. అవీ కాకపోతే టైట్. హార్డ్ మోడ్ పెట్టుకున్నవాళ్ళకి మాత్రం ఈ దారి మూసేసి ఉంటుంది. దొరికిన అక్షరాల్ని వదలనివ్వదు. మామయ్య హార్డ్ మోడ్ పెట్టుకోలేదు. పెట్టుకున్నట్టే ఆడాడు.

ఓడిన మామయ్య, ఓడిన తాతయ్యకి సాయానికొచ్చాడు. మాటలు వెతికే సైటు తెరిచి, ‘ఉండాలి’ అన్న గడిలో క్యూ, ఎ పక్కపక్కనే కొట్టాడు. కొన్ని సైట్లలో ఆ గడి అక్షరాల్ని అదే వరసలో, ఆనుకుని ఉన్నట్టే వెతుకుతుంది. ఎక్కడున్నా చాలనుకుంటే దానికి వేరే గడి ఉంటుంది. అది మార్చాక వందల మాటలు కురిశాయి, దాదాపు అన్నీ యూ ఉన్నవే. ‘ఉండకూడదు’ గడిలో యూ వేస్తే తప్ప జల్లెడ పట్టదు. వేశాడు. పైన నిఘంటువు ఎంచుకునే గడి ఇంకోటుంది. దాన్ని ఎవరూ చూడలేదు. అందులో కాలిన్స్ అని ఉంది, అంటే బ్రిటన్‌లో వాడే స్క్రాబుల్ జాబితా.

మూడో ఆటలో క్యూ మళ్ళీ తాతయ్యకే వచ్చింది. ఈసారి దాచుకోలేదు. బోర్డు మీదున్న ఎ చూసుకుని, దాని ముందు క్యూ, ఓ, ఆర్, ఎం పేర్చారు. కుర్మా! 16 పాయింట్లు. మనవరాలు తన యాప్‌లో చూసింది. దాన్లో ఉన్నది పాత అమెరికా జాబితా.

“చెల్లదు తాతయ్యా.”

“కాలిన్స్‌లో ఉందే!”

“నా దాంట్లో లేదు. కె పెట్టి రాస్తేనే ఉంది.”

వంటింట్లోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. “ఏవండీ, పొద్దున చపాతీల్లోకి రెండుసార్లు వేయించుకు తిన్నారుగా, అప్పుడు చెల్లిందా?”