ఢిల్లీ మెట్రో స్టేషన్ పేరుబోర్డు గారికి

అయ్యా బోర్డు గారూ,

మీ ఇంటివాళ్లతో మాకు పేచీ లేదు. 2002 డిసెంబరు 24న షాదరా నుంచి తీస్ హజారీ దాకా మొదలైన మీ రైళ్లు వేళకొస్తాయి, శుభ్రంగా ఉంటాయి, మే నెల ఎండలో పుణ్యం కట్టుకుంటాయి. గొడవల్లా మీతోనే. మీ మీద రాసిన పేరుకూ, గేటు దాటాక ఎదురయ్యే ఊరికీ ఏపాటి చుట్టరికమో ఇవాళ తేల్చుకుందామని ఈ ఉత్తరం.

పసుపు లైనులో కుతుబ్ మినార్ అని వెలిశారు. మా గుంటూరాయనో కరీంనగరాయనో కుటుంబసమేతంగా దిగి, మినార్ గుమ్మం ముందే దిగామనుకుంటాడు. గుమ్మం ఇంకా కిలోమీటరున్నర పైనే. బయట ఆటోలు కాచుకునుంటాయి. 2023లో సవరించిన రేటు ప్రకారం మొదటి కిలోమీటరున్నరకు 30 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. మీటరు వెయ్యమంటే మాత్రం అది ఆ క్షణానే చెడిపోతుంది. హౌజ్ ఖాస్‌లో దిగి చెరువూ శిథిలాలూ వెతుక్కునేవాళ్లకూ ఇదే భోగం. అవి ఉన్న హౌజ్ ఖాస్ విలేజ్‌కి వెళ్లాలన్నా మళ్లీ ఆటోనే.

ఇవన్నీ చిల్లర తగాదాలు. అసలు వ్యాజ్యం న్యూఢిల్లీ అనే బోర్డు మీద.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచొచ్చే ఏపీ ఎక్స్‌ప్రెస్ ఆగేది న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌లో. అక్కడ 16 ప్లాట్‌ఫారాలు. ఒకటో నంబరు పహాడ్‌గంజ్ వైపు, పదహారో నంబరు అజ్మేరీ గేట్ వైపు. మీరు నిలబడింది అజ్మేరీ గేట్ వైపు. ఈ సంగతి మీ మీద ఎక్కడా లేదు. తిరుగు ప్రయాణంలో మెట్రో దిగి, రైలు ఒకటో నంబరు మీద ఉందని తెలిశాక, సూట్‌కేసులతో వంతెనెక్కి స్టేషన్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు కొలవాలి. అందుకే రైలు ఏడింటికైతే ఆరుంబావుకే మెట్రో దిగి ఉండటం మేలు. బస పహాడ్‌గంజ్‌లో అయితే ఒకటో నంబరు వైపు నుంచే బయటపడాలి. అటువైపు వాళ్లకు నీలం లైనులో రామకృష్ణ ఆశ్రమ మార్గ్ స్టేషన్ దగ్గర.

ప్రీపెయిడ్ ఆటో తీసుకుంటే బూత్‌లో ఇచ్చే చీటీ దిగేదాకా డ్రైవరు చేతిలో పెట్టకూడదు. ముందే ఇచ్చారా, దారి మధ్యలో "ఇక్కడికే" అంటాడు. మెట్రోలోకైతే మనిషికి 25 కిలోల సామానే. ఢిల్లీ చుట్టాలకని మోసుకొచ్చిన ఆవకాయ జాడీలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి, ఎక్స్‌రే యంత్రంలోంచే వెళ్తాయి.

సికింద్రాబాద్ రాజధాని, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ హజ్రత్ నిజాముద్దీన్‌కు పోతాయి. ఆ పక్కన గులాబీ లైనులో మీ తమ్ముడు సరాయ్ కాలే ఖాన్ – నిజాముద్దీన్ అని రెండు పేర్లూ రాసుకున్నాడు, నిజాయితీపరుడు. స్టేషన్‌లోంచి సరాయ్ కాలే ఖాన్ బస్టాండు వైపు బయటికొస్తే ఆయన కనబడతాడు. రెండోవైపు వస్తే కనబడడు, అది ఆయన తప్పు కాదు.

ఇక విమానాశ్రయం. నారింజ రంగు ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌లో ఐజీఐ ఎయిర్‌పోర్ట్ అని మీరుంటే, జనం దాన్నే మొత్తం ఎయిర్‌పోర్టనుకుంటారు. ఆ లైను వెళ్లేది రెండు, మూడు టెర్మినళ్లకు. టికెట్ మీద టీ1, అంటే ఒకటో టెర్మినల్ అని ఉంటే ఆ రైలెక్కడం దండగ. న్యూఢిల్లీ నుంచి పసుపు లైనులో హౌజ్ ఖాస్ దాకా వెళ్లి, అక్కడ మెజెంటా లైనులో జనక్‌పురి వెస్ట్ వైపు బండెక్కి, ఆరో స్టేషన్‌లో దిగాలి. హౌజ్ ఖాస్ మెజెంటా ప్లాట్‌ఫారం పాతాళంలో ఉంటుంది, ఎస్కలేటర్ల మీదే కొన్ని నిమిషాలు పోతాయి. పొరపాటున మూడో టెర్మినల్‌లో తేలినవాళ్లు ఒకటో టెర్మినల్‌కు నడిచిపోదామనుకోవద్దు. మధ్యలో కొన్ని కిలోమీటర్ల రోడ్డుంది, బస్సో ట్యాక్సీయో చూసుకోవాలి.

అదే ఎయిర్‌పోర్ట్ లైనులో ధౌలా కువాఁ అనే బోర్డుంది. అక్కడ దిగి గులాబీ లైనుకు మారొచ్చని పటంలో రెండు చుక్కల్ని ముద్దుగా కలిపేశారు. ఆ కలిపిన గీత 1.2 కిలోమీటర్ల ఆకాశమార్గం! కదిలే పట్టీలున్నాయి, నిజమే. ఒకదాని మీంచి దిగి రెండోదాని మీదికి పెట్టె ఎక్కించేసరికి బండి ఒకటి వెళ్లిపోతుంది. అంత దూరం నడిచాక అవతల కనబడే బోర్డు మాత్రం మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిటది. రాజ్యాంగ సభలో కూర్చున్న ఆవిడ పేరు చూసి తెలుగువాళ్లు ఆయాసం మరిచిపోతారని మీవాళ్లు లెక్కగట్టినట్టున్నారు. లెక్క తప్పలేదు, ఆగి ఫొటో తీసుకునేవాళ్లూ ఉంటారు.

ఊరు దాటితే మీ చమత్కారం ముదురుతుంది. నోయిడాలో నీలం లైనుకు సెక్టార్ 52, ఆక్వా లైనుకు సెక్టార్ 51. పేర్లను బట్టి పక్కపక్క స్టాపులనుకుంటాం. అవి వేర్వేరు సంస్థల స్టేషన్లు. బయటికొచ్చి, మూడొందల మీటర్లు నడిచి, వేరే టికెట్ కొని, మళ్లీ తనిఖీ చేయించుకోవాలి. అదే నీలం లైను యమునా బ్యాంక్ దగ్గర రెండుగా చీలుతుంది. అక్షరధామ్‌కు వెళ్లాలంటే నోయిడా వైపు బండి కావాలి. వైశాలి బండెక్కితే లక్ష్మీనగర్‌లో తేలతారు. ప్లాట్‌ఫారం ఒకటేనని వచ్చిన బండల్లా ఎక్కకుండా, బండి నుదుటి మీది చివరి స్టేషన్ పేరు చదవాలి. అన్నీ సరిగ్గా చేసి సోమవారం వెళ్లారో, గుడికి ఆరోజు సెలవు.

పేరు మార్చుకునే సరదా ఒకటి మీకు. గురుగ్రామ్ కొసనున్న హుడా సిటీ సెంటర్‌ను 2023 జులైలో గురుగ్రామ్ సిటీ సెంటర్ అన్నారు, అదేరోజు మళ్లీ మిలీనియం సిటీ సెంటర్ అన్నారు. జనం ఇప్పటికీ హుడా అనే అంటారు, కాబట్టి దారి అడిగేటప్పుడు పాతపేరే అడగాలి. ప్రగతి మైదాన్ బోర్డు మీద ఇప్పుడు సుప్రీంకోర్టు ఉంది. పుస్తకాల పండగకు భారత్ మండపం వెళ్లేవాళ్లు కోర్టు పేరు చూసి జడవకుండా అక్కడే దిగాలి. మండపం పదో గేటు దగ్గరవుతుంది.

ఆంధ్రా భవన్ భోజనం కోసం వచ్చేవాళ్లకు మాత్రం మీ మేలూ లేదు, కీడూ లేదు. దాన్ని ఆనుకుని మీ స్టేషన్ ఒక్కటీ లేదు, మండీ హౌస్‌లో దిగి ఆటో ఎక్కడమే. దాని దగ్గర్లోనే హైదరాబాద్ హౌస్ అని ఇంకో బోర్డు కనబడుతుంది. బిర్యానీ ఆశతో అటు వెళ్లొద్దు. నిజాం కట్టించుకున్న ఆ మేడలో ఇప్పుడు విందులు విదేశీ అతిథులకే.

మా కోరిక చిన్నది. పేరు కింద ఇంకో వరుస రాయించుకోండి: అసలు చోటు ఎంత దూరం, ఏ గేటు. ఆ సమాచారం లోపల టికెట్ల హాలులో పరిసరాల పటం మీద ఉంది, కాదనం. అక్కడ ఆగి చూసే ఓపిక ఉంటే మీ పేరు నమ్మాల్సిన ఖర్మ ఎవరికుంది? తప్పు గేటులోంచి తేలితే ఎదురుగా ఆరు వరసల ట్రాఫిక్కు, నడుమ ఇనుప కంచె. అవతలికి చేరాలంటే వచ్చిన మెట్లే మళ్లీ దిగాలి.

ఇట్లు,
రెండో గేటు బయట నిలబడి ఏడో గేటు ఎటని అడుగుతున్న
తమ తెలుగు ప్రయాణికులు